రైతులకు జాక్‌పాట్ తగిలిందట: ఒక పీజీ ప్రాజెక్టు కేసు

ఈ కేసు తిరుపతిలో, నేను పాఠాలు చెప్పే చోట జరిగింది. విభాగం ఏదో, సంవత్సరం ఏదో చెప్పను. విద్యార్థిని ఊరు, ఇంటి వివరాలు మార్చాను. పంట మాత్రం మార్చలేదు, అది టమాటానే. పంట మారిస్తే కేసే మిగలదు. ఆ అమ్మాయి అనుమతి తీసుకునే రాస్తున్నాను. అచ్చులో తన పేరు వద్దంది కాబట్టి చివరిదాకా "ఆ అమ్మాయి" అనే అంటాను.

ఇందులో తప్పు చేసినవాళ్లలో నేనూ ఉన్నాను. అది ముందే చెప్పేస్తే రాయడం సులువవుతుంది.

నేపథ్యం

1954లో ఎస్వీ యూనివర్సిటీ మొదలైనప్పటి నుంచి తిరుపతి రాయలసీమ పిల్లలకు చదువుల ఊరు. తర్వాత మహిళా యూనివర్సిటీ వచ్చింది, 2015లో ఐఐటీ, సైన్సు చదువులు, పరిశోధన జరిగే ఐసర్ వచ్చాయి. బస్టాండ్‌లో కొండకు పోయే భక్తుల మధ్య ట్రంకుపెట్టె, పరుపుచుట్టతో దిగే పిల్లలు ఇప్పటికీ కనిపిస్తారు. నా క్లాసులో సగం మంది అలా దిగినవాళ్లే. ఇంట్లో పీజీదాకా వచ్చిన మొదటి మనిషి తామే అయినవాళ్లు. డిగ్రీ వరకు తెలుగు మీడియం. మా దగ్గర మాత్రం ప్రాజెక్టు రిపోర్టు ఇంగ్లీషులోనే ఇవ్వాలి. ఆ నియమం ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో నేను చేరిన పదిహేడేళ్లలో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ జనంలోకి వచ్చింది. ఏడాది తిరిగేసరికి పిల్లల ఫోన్లలో ఏదో ఒక చాట్‌బాట్ ఉంది. మా విభాగంలో దాని గురించి రాతపూర్వకంగా ఒక్క ముక్క లేదు. రిపోర్టు మొదట్లో "ఇది నా సొంత పని" అనే పాత సర్టిఫికెట్ పేజీ ఉంటుంది. విద్యార్థి సంతకం చేస్తుంది, గైడు సంతకం చేస్తుంది. అంతే.

ఆ అమ్మాయిది చిత్తూరు జిల్లా పడమటి వైపు పల్లె. నాయన రెండెకరాల్లో టమాటా పెడతాడు. ఆమె ఎంచుకున్న అంశం చిన్న రైతులు టమాటా అమ్ముకునే తీరు, మండీలో వాళ్ల చేతికి చివరికి వచ్చే డబ్బు. పని మొదలుపెట్టకముందు ఇచ్చే సినాప్సిస్‌లో యాభై మంది రైతులను కలుస్తానని రాసింది. నాకు ఆ ఏడాది పద్నాలుగు ప్రాజెక్టులు. ఆ అమ్మాయిని నాలుగు నెలల్లో మూడు సార్లు కలిశాను. మూడుసార్లూ అడిగింది ఒక్కటే: "ఎంతవరకు వచ్చింది?" మూడుసార్లూ జవాబు ఒక్కటే: "అవతా ఉంది మేడమ్."

సమస్య బయటపడిన తీరు

రిపోర్టు తొంభై ఆరు పేజీలు. ఇంగ్లీషులో ఒక్క తప్పు లేదు. సెమినార్‌లో రెండు వాక్యాలు ఇంగ్లీషులో చెప్పడానికి చెమటలు పట్టే అమ్మాయి రాసిన తొంభై ఆరు పేజీల్లో a, an, the లాంటి ఒక్క ఆర్టికల్ కూడా జారలేదు. కాపీ ఉందేమోనని చూసే సాఫ్ట్‌వేర్‌లో సారూప్యత ఏడు శాతమే వచ్చింది, మా లెక్కలో అది పాసు. సంతకం పెట్టేశాను కూడా. తర్వాత తోటి అధ్యాపకుడు ఒకాయన పేజీలు తిప్పి, "మేడమ్, ఇది పిల్ల రాసింది కాదు, మిషన్ రాసింది" అన్నారు.

నాకు రోషం వచ్చింది. సంతకం పెట్టింది నేను కదా. ఆ రాత్రే రిపోర్టు మొత్తాన్ని ఇంటర్నెట్‌లో దొరికిన ఒక ఉచిత ఏఐ డిటెక్టర్‌లో వేశాను. ఎనభై నాలుగు శాతం ఏఐ రాసిందని ఎర్ర అక్షరాల్లో చూపించింది. ప్రింటు తీసి పొద్దున్నే మా విభాగం కమిటీ ముందు పెట్టాను.

కమిటీలో ఇద్దరు రెండు దారులు. ఒక సీనియర్ సార్ కాపీ మీద యూజీసీ పెట్టిన నియమాలు తీసి, అరవై శాతం దాటితే రిజిస్ట్రేషన్ రద్దు అన్నారు. ఇంకొకరు, "ఊరంతా ఇదే చేస్తా ఉండారు, ఒక పిల్లను పట్టుకొని ఏం చేస్తాం, వదిలేయండి" అన్నారు. నాకు రెండూ నచ్చలేదు. రద్దు చేయాలంటే నేరం ఏమిటో మాకు స్పష్టంగా తెలియాలి. వదిలేయాలంటే నేరం లేదని తెలియాలి. రెండూ తెలియవు. వారం గడువు అడిగాను.

ముందు చేసినవి, ఎందుకు పని చేయలేదు

మొదటి పని, ఆ అమ్మాయిని పిలిచి ప్రింటు ముందు పెట్టి, "ఏఐ వాడినావా?" అని అడగడం. లేదంది. మళ్లీ అడిగాను. ఏడ్చింది. "నేనే తిరిగినా మేడమ్, ఎండలో నేనే తిరిగినా" అంది. నేనడిగింది తిరిగావా అని కాదు, కానీ ఆమెకు దక్కాల్సిన న్యాయం అంతా ఆ మాటలోనే ఉంది. అప్పుడు నాకు అది తప్పించుకోవడంలా వినిపించింది.

కొన్ని వారాల తర్వాత తనే చెప్పింది: "అవునంటే సర్టిఫికెట్ పోతాది, కాదంటే ఏమో మిగలొచ్చు. మీరైతే ఏం చెప్తారు మేడమ్?" అవును అన్నవాళ్లకు శిక్ష, కాదు అన్నవాళ్లకు అవకాశం ఉండేలా ప్రశ్న తయారు చేసింది నేనే. నిజం చెప్పడానికి అందులో చోటు లేదు.

రెండోది, ఆ ఎనభై నాలుగు శాతం మీద నా సొంత పరీక్ష. ఎందుకు చేశానంటే, సీనియర్ సార్ "అరవై దాటింది" అన్న మాట నన్ను నమలడం మొదలుపెట్టింది. ఇంటికెళ్లి 2018 నాటి యూజీసీ నియమాలు మళ్లీ చదివాను. పది శాతం వరకు శిక్ష లేదు. పది నుంచి నలభై వరకు అయితే సరిచేసి మళ్లీ ఇవ్వాలి. నలభై నుంచి అరవై అయితే ఏడాది పాటు మళ్లీ ఇవ్వడానికి వీల్లేదు. అరవై దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఇవన్నీ వేరేవాళ్ల రాతతో ఎంత కలుస్తోంది అన్న లెక్కలు. కలిసిన చోట పక్కనే అసలు రాత ఉంటుంది, వేలు పెట్టి చూపించవచ్చు. డిటెక్టర్ ఇచ్చే శాతం అలాంటిది కాదు. అది ఊహ. దాని పక్కన పెట్టి చూపించడానికి అసలు రాత ఏదీ ఉండదు. పేరు ఒకటే, శాతం. కొలిచేది వేరు. థర్మామీటర్‌లో నూరుకూ మార్కుల్లో నూరుకూ సంబంధం లేనట్టే.

అదే రాత్రి నా పాత ఎంఫిల్ థీసిస్‌లో ఒక అధ్యాయం అదే సైటులో వేశాను. అది 2008లో రాసింది. యాభై ఏడు శాతం ఏఐ అంది. 2008లో నాకు సొంత కంప్యూటర్ కూడా లేదు, ఒక డీటీపీ సెంటర్‌లో పేజీకి ఇంత అని ఇచ్చి టైపు చేయించుకున్నాను.

ఎందుకలా వచ్చిందో వెతికాను. ఈ డిటెక్టర్లలో చాలావాటికి ఆధారం ఒకటే: తర్వాత ఏ మాట వస్తుందో సులువుగా ఊహించగలిగితే అది మిషన్ రాత, ఊహకు అందకపోతే మనిషి రాత. మరి రెండో భాషగా ఇంగ్లీషు నేర్చుకున్నవాళ్లం మనమెలా రాస్తాం? తెలిసిన కొద్ది మాటలతో, గైడు పుస్తకంలో చూసిన వాక్యం ఎలా ఉంటే అలా. ఊహకు అందే రాత మనది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో ఏడు డిటెక్టర్లను ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు రాసిన 91 టోఫెల్ (ఇంగ్లీషు పరీక్ష) వ్యాసాల మీద పరీక్షిస్తే, సగటున 61 శాతానికి పైగా వ్యాసాలను అవి ఏఐ రాసినవని తప్పుగా చెప్పాయి. ఓపెన్‌ఏఐ తన సొంత డిటెక్టర్‌ను కచ్చితత్వం చాలదని 2023 జులైలో ఆపేసింది. ఆ సంస్థ చెప్పిన లెక్క ప్రకారమే అది ఏఐ రాతలో 26 శాతాన్నే పట్టింది, మనుషుల రాతలో 9 శాతాన్ని ఏఐ అని పొరబడింది. చాట్‌బాట్‌ను తయారు చేసినవాళ్లకే చేతకానిది నా ఉచిత సైటుకు చేతనవుతుందని ఏ ధైర్యంతో ప్రింటు తీశానో!

ఇక్కడ తీసుకున్న నిర్ణయం: ఆ ప్రింటును ఫైలులోంచి తీసేయమని కమిటీని అడిగాను. ఆ అమ్మాయి ఏఐ వాడలేదని నమ్మి కాదు. వాడిందనే నా అనుమానం. కానీ అనుమానం నిజమైనంత మాత్రాన తప్పుడు సాక్ష్యం మంచి సాక్ష్యం అయిపోదు. రేపు అదే అంకె ఏమీ వాడని పిల్ల మీద పడుతుంది. సీనియర్ సార్ ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది. ఆయన పాత పేపరు ఒకటి అదే సైటులో వేసి చూపిస్తానన్నాక ఒప్పుకున్నారు.

మూడోది, విభాగం గదిలో కూర్చోబెట్టి, ఫోను తీసుకుని, ఒక అధ్యాయం చేతితో మళ్లీ రాయమనడం. నా ఆలోచన: సొంత పని అయితే సొంత మాటల్లో వస్తుంది. రెండు రోజులు రాసింది. వచ్చింది చూస్తే పాత అధ్యాయమే, దాదాపు మాటకు మాట. రాత్రంతా బట్టీ పట్టి వచ్చింది! ఒకటో తరగతి నుంచి మేం మార్కులు వేసింది దానికే కదా. ఈ పరీక్ష ఏదీ తేల్చలేదు. ఆ అమ్మాయి జ్ఞాపకశక్తి మంచిదని మాత్రం తేలింది.

నాలుగోది, క్లాసు మొత్తానికి ఏఐ నిషేధం అని నోటీసు. దీని గురించి ఎక్కువ చెప్పను. వారంలో నలుగురు పిల్లలు, ఏఐ రాతను మనిషి రాతలా మార్చే సైట్లలో తమ రిపోర్టులు వేసుకున్నారు. ఇంగ్లీషు కావాలని చెడగొట్టినట్టు అయింది. నోటీసు తీసేశాం.

నోటుబుక్కు

వారం గడువులో చివరి రోజు. ఏం చేయాలో తోచక, "నువ్వు తిరిగినప్పుడు రాసుకున్నదేమైనా ఉంటే తీసుకురామ్మా" అన్నాను. ఇంత ఆలస్యంగా ఎందుకడిగానంటే, ఫీల్డ్ నోట్సు చూసే అలవాటు నాకు పోయింది. టేబుళ్లూ చార్టులూ చూసి సంతకం పెట్టడమే అలవాటు.

రెండు వందల పేజీల లాంగ్ నోటుబుక్కు తెచ్చింది. అట్ట మీద పసుపు మరక. లోపల తెలుగులో, పెన్సిలుతో, కొన్నిచోట్ల పెన్నుతో, రైతు ఒక్కొక్కరికీ రెండు మూడు పేజీలు. ఎన్ని క్రేట్లు తెచ్చారు, బాడుగ ఎంత, కోత కూలి ఎంత, చేతికి ఏం వచ్చింది. మధ్యలో రైతులు చెప్పిన మాటలు చెప్పినట్టే. "కోత కూలి కూడా రాలేదు, కోసి గట్టు మీద పోసినాం." "ఆ దినం పదిమంది ఏడ్చినారు మండీలో." ఇది నాలుగు గోడల మధ్య కూర్చుని పుట్టించగలిగింది కాదు. "నేనే తిరిగినా" అన్న మాట అప్పుడు చెవిలో మళ్లీ వినిపించింది. సిగ్గేసింది.

సరే, తిరిగింది ఆమే. మరి రిపోర్టు? అప్పుడు ప్రశ్న మార్చాను. ఎవరు రాశారు అని కాకుండా, రిపోర్టులో ఒక వాక్యం చదివి, "ఇది నోటుబుక్కులో ఎక్కడుంది?" అని అడగడం మొదలుపెట్టాను. అంతా తెలుగులోనే. ఇంగ్లీషులో అడిగితే మళ్లీ బట్టీ వస్తుంది.

మొదటి నాలుగు వాక్యాలకు పేజీ తీసి చూపించింది. ఐదో వాక్యం నాలుగో అధ్యాయంలోది. తెలుగు చేస్తే ఇలా ఉంటుంది: 62 శాతం మంది రైతులకు సీజనులో జాక్‌పాట్ దక్కింది, ఇది ఆదాయం పెరుగుదలకు సూచన.

"ఇది యాడుందమ్మా?"

"శానా చోట్ల ఉంది మేడమ్. అందరూ చెప్పినారు జాక్‌పాట్ గురించి." వరసగా పేజీలు తిప్పి చూపించింది. నిజమే, చాలా చోట్ల ఆ మాట ఉంది. "జాక్‌పాట్ ఎక్కువ తీస్తా ఉండారు." "జాక్‌పాట్ లేకుండా కొనరంట."

నాకు అర్థం కాలేదు. "జాక్‌పాట్ తీయడమేంది? తగలడం కదా?"

ఆ అమ్మాయి నా వైపు చూసిన చూపు మర్చిపోలేను. పాపం మేడమ్‌కు ఇది కూడా తెలీదా అన్నట్టు. తర్వాత ఓపికగా చెప్పింది. ఆ వైపు టమాటా మండీల్లో జాక్‌పాట్ అంటే లాటరీ కాదు, రైతు డబ్బులో కోత. వేలంలో సరుకు కొన్నాక, నూరు క్రేట్లకు ఇన్ని అని కొన్ని క్రేట్లకు వ్యాపారి డబ్బు లెక్క కట్టడు. కింద కాయలు బాగుండవనో, దారిలో చెడిపోతాయనో ఒక సాకు. రైతుకు పోయేదాని పేరు జాక్‌పాట్. ఎవరికి తగిలిందో వాళ్ల వైపు నుంచి పెట్టిన పేరేమో!

అంటే రిపోర్టులో ఉన్నది పూర్తిగా తలకిందులు. రైతులు మొత్తుకున్న నష్టం లాభంగా మారింది. చివరి అధ్యాయంలో ఒక సిఫారసు కూడా ఉంది: ఇలా అనుకోకుండా వచ్చే రాబడిని రైతులు పొదుపు పథకాల్లో పెట్టేలా అవగాహన కల్పించాలి!

ఎలా జరిగిందో అప్పుడు చెప్పింది, అడగకుండానే. నోటుబుక్కులోది ఫోనులో, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైపు చేసి, చాట్‌బాట్‌కు ఇచ్చింది. వేళ్లు నొప్పి పుట్టి కుదించి కొట్టింది. "31 మంది జాక్‌పాట్ అన్నారు" అన్నట్టుగా. ఏ చాట్‌బాట్ అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. అది మండీకి పోయి చూడలేదు. జాక్‌పాట్ అన్న మాట లోకంలో ఎక్కువగా ఏ అర్థంలో కనిపిస్తుందో ఆ అర్థం తీసుకుంది, దాని చుట్టూ నునుపైన వాక్యం కట్టింది.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది అది కాదు. ఆ అమ్మాయి రిపోర్టు చదివింది, రెండు సార్లు. జాక్‌పాట్ అన్న మాట చూసింది, తనకు తెలిసిన అర్థంలో చదువుకుంది, సరిగ్గానే ఉందనుకుంది. నేనూ చదివాను. నాకు తెలిసిన అర్థంలో చదువుకున్నాను, సరిగ్గానే ఉందనుకున్నాను. ఒకే మాట ఇద్దరి కళ్ల ముందు నుంచి రెండు అర్థాలతో దాటిపోయింది. తప్పు లేని ఇంగ్లీషు కాబట్టే ఇద్దరం ఆగలేదు. ఆ అమ్మాయే తడబడుతూ రాసి ఉంటే నేను ఎర్ర పెన్నుతో "దీని అర్థమేమి?" అని రాసేదాన్ని, అక్కడే పట్టుబడేది.

62 శాతం సంగతి ఇంకోటి. నోటుబుక్కులో రైతులను లెక్కపెడితే ముప్పై ఎనిమిది మంది. ముప్పై ఎనిమిదిలో 62 శాతం అంటే ఇరవై మూడు మంది నిండు మనుషులు, ఇంకో మనిషి సగానికి కొంచెం పైన. యాభైలో అయితే సరిగ్గా ముప్పై ఒకటి. సినాప్సిస్‌లో యాభై అని ఉంది కదా, దాన్ని కూడా చాట్‌బాట్‌కు ఇచ్చింది. అది యాభైకి లెక్క కట్టి శాతాలు ఇచ్చేసింది. మిగిలిన పన్నెండు మంది ఏమయ్యారంటే, సీజను అయిపోయింది, కొందరు మాట్లాడబోమన్నారు. ఆ మాట నాకు చెప్పడానికి భయపడింది. "యాభై అని రాసిచ్చినా కదా మేడమ్, తక్కువైతే ఒప్పుకోరనుకున్నా." ఆ మూడు సార్లలో ఒక్కసారి కూర్చుని అడిగుంటే, ముప్పై ఎనిమిది చాలమ్మా అని చెప్పేదాన్ని.

రెఫరెన్సుల్లో ఇరవై మూడు పేర్లు. ఒక్కొక్కటి లైబ్రరీలో, థీసిస్‌లు ఉండే శోధగంగ సైటులో వెతికించాను. తొమ్మిదే దొరికాయి. మిగతావి ఉండాల్సినట్టు ఉన్నాయి: పత్రిక పేరు, సంపుటి, పేజీలు. చాట్‌బాట్ వెనక ఉన్న మోడల్ చేసే పని తర్వాతి మాటను ఊహించడం. రెఫరెన్సు ఎలా కనిపించాలో దానికి బాగా తెలుసు. అలాంటిది నిజంగా ఉందా లేదా అని ప్రతిసారీ వెతికి చూస్తుందన్న నమ్మకం లేదు.

నా వంతు

ముప్పై ఎనిమిది మంది అని లెక్కపెడుతుంటే నా చేయి ఆగింది. రిపోర్టు అనుబంధంలో వాళ్ల పేర్లు, ఊళ్లు, ఫోన్ నంబర్లు, కొందరి అప్పుల వివరాలు ఉన్నాయి. ఆ అమ్మాయి నోట్సు టైపు చేసేటప్పుడు పేర్లు వదిలేసింది, సోమరితనం వల్లే అయినా మంచిదే అయింది. అనుబంధాన్ని విడిగా తనే తయారు చేసుకుంది. ఆ అనుబంధంతో సహా మొత్తం ఫైలును, ఎవరు నడుపుతున్నారో కూడా తెలియని ఒక ఉచిత సైటులోకి ఎక్కించింది నేను.

ఆ అమ్మాయిని అడగలేదు, రైతులను అడగలేదు. వాళ్లు వివరాలు ఇచ్చింది "మన పిల్ల చదువుకు" అని. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమ్మతి గురించే ఎక్కువగా మాట్లాడుతుంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఎవరి అప్పు ఎంతో పరాయివాళ్లకు చెప్పకూడదని మా అవ్వకు కూడా తెలుసు. కమిటీలో ఇది నేనే చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ సైటుకు ఫైలు తొలగించమని రాశాను. జవాబు రాలేదు.

పని చేసింది

కమిటీ ముందు నా ప్రతిపాదన: శిక్ష వద్దు, ఐదు వారాల గడువు, మళ్లీ రాసి ఇవ్వాలి. రద్దు ఎందుకు వద్దంటే ఏఐ వాడకూడదని మేమెక్కడా రాయలేదు, వాడితే ఎలా వాడాలో చెప్పలేదు. అలాగే వదిలేయడం ఎందుకు కుదరదంటే రిపోర్టులో ఉన్నది అబద్ధం. ఎవరు రాసినా అబద్ధమే. లైబ్రరీలో పెడితే రేపు ఇంకో పిల్ల దాన్నే చదివి జాక్‌పాట్ తగిలిందని రాస్తుంది.

పద్ధతి పెద్ద గొప్పదేం కాదు. పాత రిపోర్టు ప్రింటు తీసి, ప్రతి వాక్యం పక్కన మార్జిన్‌లో నోటుబుక్కు పేజీ నంబరు వేయమన్నాను. పేజీ లేని వాక్యం కొట్టేయాలి, లేదా అది ఏ పుస్తకం నుంచి వచ్చిందో ఆ పుస్తకం నాకు తెచ్చి చూపించాలి. నాలుగో అధ్యాయంలో మూడింట రెండు వంతులు పోయింది. పోయినవన్నీ తప్పులు కావు. ఎవరైనా ఎక్కడైనా రాయగల మాటలు. "వ్యవసాయం మన దేశానికి వెన్నెముక" లాంటివి.

తర్వాత ఆ అధ్యాయాన్ని ముందు తెలుగులో రాయించాను. పన్నెండు పేజీలు వచ్చింది. జాక్‌పాట్ మీదనే నాలుగు పేజీలు రాసింది, ఎవరు ఎంత ఇచ్చారో నోటుబుక్కులోని 31 మంది లెక్కతో. బాడుగ, కూలి, కమీషన్ పోగా చేతికి వచ్చినదాంట్లో జాక్‌పాట్ వాటా ఎంతో పట్టిక వేసింది. పదిహేడేళ్లలో నేను చూసిన మంచి పట్టికల్లో అదొకటి.

ఇంగ్లీషులోకి మార్చడానికి చాట్‌బాట్ వాడుకోనిచ్చాను. దీని మీద విభాగంలో పెద్ద వాదన జరిగింది. ఇంత జరిగాక మళ్లీ దాన్నే చేతికిస్తారా అన్నారు. నా వాదన ఇది. చాట్‌బాట్లు రాకముందు క్యాంపస్‌ల చుట్టూ ఉన్న డీటీపీ, ప్రాజెక్టు సెంటర్లు ఏం చేసేవో మనందరికీ తెలుసు. డబ్బున్న పిల్లలు అక్కడ మంచి ఇంగ్లీషు కొనుక్కునేవాళ్లు. మనం సంతకాలు పెట్టాం. రెండెకరాల టమాటా రైతు కూతురికి అదే సాయం ఉచితంగా దొరికేసరికి మన నీతి మేలుకొంది. సాయం తీసుకోవడం తప్పైతే అప్పుడూ తప్పే. తప్పు కాకపోతే ఏ సాయం, ఎంతవరకు అన్నదే మాట్లాడుకోవాలి.

కాబట్టి షరతులు పెట్టాం. ఒక్కోసారి ఒక్క పేరా మాత్రమే ఇవ్వాలి. మండీ మాటలను మార్చవద్దని ముందే చెప్పాలి, వాటి అర్థం మొదటిసారి వచ్చినచోట తనే రాయాలి. మారిన ఇంగ్లీషును నాకు నోటితో తిరిగి తెలుగులో చెప్పాలి. ఏ రైతు పేరూ అందులోకి పోకూడదు. దేనికి వాడిందో రిపోర్టు మొదట్లో రాయాలి. ఒక సార్, చాట్‌బాట్ పేరును కూడా రచయితగా వేయొచ్చుగా అని వెటకారం చేశారు. పరిశోధన పత్రికల నైతికత చూసే కోప్ సంస్థ 2023లోనే దానికి జవాబు చెప్పింది: బాధ్యత తీసుకోలేనిది రచయిత కాలేదు.

నోటితో తిరిగి చెప్పించడం నేను అనుకున్నదానికంటే ఎక్కువ పని చేసింది. మూడో రోజు ఒక పేరా చదివి, చెబుతూ చెబుతూ ఆగిపోయింది. గట్టు మీద పోసిన టమాటా ఇంగ్లీషులో "రైతులు ప్రత్యామ్నాయ విక్రయ విధానాలను అనుసరించారు" అయి కూర్చుంది. "ఇది అట్ల కాదు మేడమ్, పారబోసినారు" అంది. పారబోశారు అనే రాయమన్నాను. చిన్న మాట, చిన్న ఇంగ్లీషు. రాసింది.

కొత్త రిపోర్టు యాభై ఎనిమిది పేజీలు. ఇంగ్లీషులో అక్కడక్కడా తప్పులున్నాయి. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ భాష దగ్గర మార్కులు తగ్గించారు. వైవా తెలుగులో జరపమని ముందే అడిగితే ఒప్పుకున్నారు. పావుగంట అనుకున్నది నలభై నిమిషాలు నడిచింది, ఎక్కువసేపు జాక్‌పాట్ గురించే.

తర్వాతి సంవత్సరం

ఆ అమ్మాయికి పనికొచ్చిన పద్ధతులన్నీ తర్వాతి బ్యాచ్‌కు పెట్టాం. అన్నీ నిలబడలేదు. ఏఐ ఎప్పుడు దేనికి వాడారో డైరీ రాయమన్నాం. రెండు నెలలు బాగుంది. తర్వాత ఒక డైరీలో వాక్యాలు మరీ నున్నగా కనిపించాయి. అడిగితే నవ్వి ఒప్పుకున్నాడు, డైరీ కూడా చాట్‌బాట్‌తోనే రాయించాడు! డైరీ ఎత్తేశాం. పదిహేను రోజులకోసారి ఫీల్డ్ నోటుబుక్కు తెచ్చి నా సంతకం తీసుకోవడం మాత్రం ఉంచాం. నాకు గంటలు పడుతోంది. పద్నాలుగు ప్రాజెక్టులతో ఇది కుదరదని రాసిచ్చి ఎనిమిదికి తగ్గించుకున్నాను. తగ్గించకపోయి ఉంటే నేను మళ్లీ సంతకాల మనిషినే అయ్యేదాన్ని.

క్లాసులో ఈ నియమాలు చదువుతుంటే వెనక బెంచీ నుంచి ఒక పిల్లాడు లేచి, "మేడమ్, పోయిన ఇంటర్నల్‌లో బిట్ పేపరు మీరే రాసినారా?" అన్నాడు. క్లాసంతా నిశ్శబ్దం. రాయలేదు. టైము లేక చాట్‌బాట్‌తో ఇరవై ప్రశ్నలు చేయించి, ఆన్సర్ కీ కూడా దానిదే పెట్టాను. ఒక ప్రశ్నకు కీ తప్పు, ఆ మార్కు తర్వాత కలిపాను కానీ కారణం చెప్పలేదు. ఆ రోజు చెప్పాను. ఇప్పుడు వాడినా కీ నేనే పెన్నుతో చేసుకుంటున్నాను, పేపరు కింద ఒక వరుసలో ఏఐతో చేయించానని రాస్తున్నాను. రిపోర్టు ఇంగ్లీషులోనే ఉండాలన్న నియమం మాత్రం ఇంకా అలాగే ఉంది. మార్చమని రెండుసార్లు రాశాను.

ఈ రాత అచ్చుకు ఇవ్వకముందు ఆ అమ్మాయికి పంపాను. ఇప్పుడు ఉద్యోగంలో ఉంది. సాయంత్రం ఫోన్ చేసింది. అంతా బాగుందంది, మండీ గురించి నేను రాసిన పేరాలో ఒక వాక్యం దగ్గర ఆగింది. జాక్‌పాట్ ఎప్పుడు, ఎవరు మొదలుపెట్టారో అందులో ఒక కథ రాశాను. ఎవరో చెప్పగా విన్నట్టు గుర్తు.

"అది నా నోటుబుక్కులో యాడుంది మేడమ్?" అంది.

నోటుబుక్కు జిరాక్సు నా దగ్గరే ఉంది. రాత్రి కూర్చుని మొదటి పేజీ నుంచి వెతికాను. లేదు. వాక్యం కొట్టేశాను.